కుడి పేజీ

శనివారం మధ్యాహ్నం నేను నోరు జారాను. ఆ సంగతి ముందే చెప్పేస్తే మంచిది. తర్వాత జరిగిందంతా దానివల్లే జరిగింది.

మా ఆస్పత్రి ల్యాబులో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నాను. వార్డుల నుంచి వచ్చిన రక్తపు సీసాలను ఇంక్యుబేటరులో వెచ్చగా ఉంచి, వాటిలో క్రిములేమైనా పెరుగుతాయా అని చూడడం నా పని. పసిపిల్లల వార్డు సీసాలు నా బల్లకి, పెద్దవాళ్ళవి పక్క బల్లకి వెళ్తాయి. పక్క బల్లాయన రేపో మాపో రిటైరయ్యే మనిషి. చేసిన పనినే మూడుసార్లు చేస్తాడు కాబట్టి ఆయనకి చాదస్తం అని పేరు పెట్టుకున్నాం. ఆయన ఎదుటే అలా పిలుస్తాం, ఆయనా పలుకుతాడు.

ఆరు వారాల్లో తొమ్మిదిమంది పసిపిల్లల సీసాల్లో ఒకే క్రిమి పెరిగింది. క్రిముల్ని పెంచే ప్లేటు మీద పచ్చగా పరుచుకుని, మాగిన ద్రాక్షపళ్ళ వాసన వేసే క్రిమి. వాసన బాగుంటుంది గానీ బుద్ధి మంచిది కాదు. పుట్టి పదిరోజులైనా కాని బిడ్డ రక్తంలో అది ఉందని నేను రిపోర్టు రాస్తే, డాక్టరు గంటలో బలమైన ఇంజెక్షన్లు మొదలుపెడతాడు. ఆ మందు మూత్రపిండాలకీ చెవులకీ చేటు. క్రిమి నిజంగా ఉండి మందు ఇవ్వకపోతే ప్రాణానికే చేటు.

ఎక్కడినుంచి వస్తోందో ఎవరికీ అంతుపట్టలేదు. కుళాయిలు చూశాం, తొట్లు చూశాం, పాలసీసాలు చూశాం. చివరికి నేను వార్డు డ్యూటీ చార్టులు ముందేసుకుని కూర్చున్నాను. తొమ్మిది సీసాలకీ రక్తం తీసింది ఒకే నర్సు, ఆమె డ్యూటీలో ఉంటే ఆ వార్డులో రక్తం తీసేది ఎక్కువగా ఆమే. మధ్యలో ఆమె ఐదు రోజులు సెలవు పెట్టింది. ఆ ఐదు రోజుల్లో నా బల్లకి రావలసిన సీసాలు పదకొండు వచ్చాయి, ఒక్కదాంట్లోనూ ఏమీ పెరగలేదు.

ఆ నర్సు మా వదిన.

నాకూ వదినకీ మాటల్లేవు. నెల క్రితం అమ్మ జారిపడి తుంటి ఎముక విరిగితే ఆపరేషను చేయించాం. ఇద్దరం అమ్మ మంచం దగ్గరే ఉన్నాం. నాకు మనిషికంటే ముందు కాగితాలు చూసే అలవాటు, వచ్చీ రాగానే మంచానికి తగిలించిన రిపోర్టులు తీసి చదివాను. అది చూసి వదిన చుట్టాలందరి ముందూ, "కూతురు వచ్చిందండీ, రిపోర్టులు చదవడానికి" అంది. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. అమ్మ డిశ్చార్జి అయి అన్నయ్య ఇంటికి వెళ్ళాక మళ్ళీ నేనా గడప తొక్కలేదు.

కాబట్టి చార్టులో ఆమె పేరు తొమ్మిదోసారి కనబడినప్పుడు నాకు బాధ కలగలేదు. నిజం చెప్పాలంటే సంతోషం వేసింది.

మా ల్యాబులో ఒక పద్ధతి ఉంది. మా పెద్ద డాక్టరు పెట్టింది. ఎవరేం చెప్పినా ఆయన నోటివెంట మొదట వచ్చే మాట "కాదేమో" అని. అందుకే ఆయన్ని కాదేమోగారనే అంటాం, ఈ పేరు మాత్రం చాటున. ఆయన బల్లమీద ఒక లావుపాటి పుస్తకం ఉంటుంది. ఎవరికి ఏ ఊహ తట్టినా ఎడమ పేజీలో రాయాలి. ఏ ఫలితం వస్తే ఆ ఊహ తప్పని ఒప్పుకుంటామో అది కుడి పేజీలో రాయాలి. రాసి, ఆ పరీక్ష చేసి, ఊహని పడగొట్టడానికి నిజంగా ప్రయత్నించాలి. కుడి పేజీ నిండేదాకా ఆ మాట గది దాటకూడదు. ఊహ పడిపోయిన రోజున ఆయనే స్వయంగా అందరికీ టీ తెచ్చి ఇస్తారు. నిలబడిన రోజున ఏమీ ఇవ్వరు. కొత్తలో ఇదేం పిచ్చి అనుకునేదాన్ని.

శనివారం ఆయన ఊళ్ళో లేరు. ఎడమ పేజీలో నా ఊహ ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. కుడి పేజీ సోమవారం చూసుకుందాంలే అని పుస్తకం మూసేశాను. వరండాలో సూపరింటెండెంటు ఎదురైంది. "ఏమైనా తేలిందా? పిల్లల తల్లులు నా గది ముందు బైఠాయించారు" అంది. నేను చెప్పేశాను. ఆఖర్న "ఊరికే ఊహేనండీ" అని తోక కూడా తగిలించాను. ఆ తోకని ఆమె అక్కడే వదిలేసి మిగతాది పట్టుకుపోయింది.

సాయంత్రానికి వదిన చేతుల మీద నుంచి నమూనాలు తీసి, ఆమెని డ్యూటీ నుంచి తప్పించారు. బుధవారం పదిన్నరకి కమిటీ. అందులో తప్పు ఆమెదేనని తేల్చేస్తే ఉద్యోగం పోతుంది, నర్సుగా ఇంకెక్కడా పనిచేయడానికి వీల్లేకుండా లైసెన్సు కూడా పోతుంది.

ఆదివారం అన్నయ్య ఫోన్ చేశాడు. "నువ్వేనటగా చెప్పింది?"

"చార్టులో ఉన్నదే చెప్పాను, అన్నయ్యా."

"మీ వదిన నిన్నట్నుంచీ చేతులు కడుక్కుంటూనే ఉందే. అన్నం కలిపే చెయ్యి కూడా సబ్బు వాసనే. నాకు భయమేస్తోంది."

ల్యాబులో సీసాలు చూసుకోవాలని చెప్పి ఫోను పెట్టేశాను.

సోమవారం పొద్దున్నే కాదేమోగారు పుస్తకం తెరిచారు. ఎడమ పేజీ చదివారు. కుడి పేజీ మీద చెయ్యి వేసి, ఏదో తడుముతున్నట్టు అటూ ఇటూ నిమిరారు.

"ఇక్కడేదీ?"

"ఇంకా రాయలేదు సార్."

"మాట మాత్రం కమిటీ దాకా వెళ్ళింది."

ఆ సమయానికే సూపరింటెండెంటు వచ్చింది, వదినే కారణమని కాదేమోగారు సంతకం పెట్టవలసిన రిపోర్టు చేతబట్టుకుని. వదిన చేతుల నమూనాల్లో ఆ పచ్చ క్రిమి లేదని చాదస్తం అప్పుడే రాసి ఇచ్చాడు.

"లేకపోతే ఏముంది, కడుక్కుని ఉంటుంది" అంది సూపరింటెండెంటు.

కాదేమోగారు కళ్ళజోడు తీశారు. "దొరికితే ఆవిడే చేసినట్టు. దొరక్కపోతే కడుక్కున్నట్టు. మరి ఏం కనిపిస్తే ఆవిడ తప్పు లేదని మీరు ఒప్పుకుంటారు?"

ఆమె రిపోర్టుని ఆయన ముందుకి జరిపింది.

"అదొక్కటి చెప్పండి, సంతకం పెట్టేస్తాను. తప్పని తేలే దారి ఒక్కటీ లేని మాటమీద నేను సంతకం పెట్టను."

"బుధవారం పదిన్నరకి నాకు ఒక పేరు కావాలి" అని ఆమె వెళ్ళిపోయింది. ఆమెనీ అనలేం. శనివారం వదిన ఆఖరుసారి తీసిన రక్తం పదో బిడ్డది. ఆ సీసాలోనూ పచ్చ క్రిమి తేలింది, ఆ బిడ్డకీ పొద్దున్నే ఇంజెక్షను మొదలుపెట్టారు.

కాదేమోగారు కలం నాకిచ్చారు. "ఆ ఐదు రోజుల్లో ఇంకెవరు లేరు?"

"వార్డులో మిగతా అందరూ ఉన్నారు సార్. చూశాను."

"వార్డులో" అన్నారాయన. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇరవై రెండేళ్ళ అనుభవం ఉన్న దాన్ని పట్టుకుని చార్టు చూడడం రానట్టు మాట్లాడతాడేమిటి?

ఆ కోపంలోనే కుడి పేజీలో రాశాను: వార్డులో ఎవరి చెయ్యీ పడని, రక్తమే లేని సీసాలో కూడా ఆ క్రిమి పెరిగితే నా ఊహ తప్పు. రాసేటప్పుడు ధీమాగానే ఉన్నాను. ఎలాగూ పెరగదు, బుధవారానికల్లా నా మాటకి ఇంకో బలం వస్తుంది.

సీలు తీయని పెట్టెలోంచి, క్రిములకి మేతగా పనికొచ్చే ద్రవం ముందే నింపి ఉన్న నాలుగు కొత్త సీసాలు తీసి, రక్తానికి బదులు శుద్ధమైన నీళ్ళు వేసి, ఇంక్యుబేటరులో పెట్టాను. మంగళవారం పొద్దున నాలుగూ తేటగా ఉన్నాయి. రెండింటిని ముట్టలేదు. మిగతా రెండింటికీ రోజూ పిల్లల సీసాలకి చేసినట్టే పొల్లుపోకుండా చేశాను. రబ్బరు మూతని బల్లమీది జాడీలోని దూదితో తుడిచి, సూది గుచ్చి, రెండు చుక్కలు తీసి ప్లేటు మీద పూసి, సీసానీ ప్లేటునీ మళ్ళీ వెచ్చగా పెట్టాను. చాదస్తం పక్కన నిలబడి చూశాడు, చూడమని కాదేమోగారు పురమాయించారట. ఒళ్ళు మండింది.

ఆ మధ్యాహ్నమే వార్డు నుంచి కబురొచ్చింది. పదో బిడ్డకి మూత్రం తగ్గింది. జబ్బు వల్లో ఇంజెక్షను వల్లో తెలియడం లేదు. మందు ఆపాలా, పెంచాలా అని పిల్లల డాక్టరు రెండుసార్లు ఫోన్ చేశాడు. "క్రిమి ఉన్నమాట ఖాయమేనా?" అని అడిగాడు. "ఖాయమే" అన్నాను. ఫోను పెట్టేశాక కూడా ఆ మాట చెవిలోనే ఉండిపోయింది.

బుధవారం తొమ్మిదికి ల్యాబులో నేనొక్కదాన్నే ఉన్నాను. ఇంక్యుబేటరు తలుపు తీశాను.

ద్రాక్షపళ్ళ వాసన.

పిల్లల సీసాలేవైనా ఉన్నాయేమోనని వెతికాను. ఆ అరలో ఏవీ లేవు. నా నాలుగు సీసాలే ఉన్నాయి. ముట్టని రెండూ తేటగా ఉన్నాయి. నేను ముట్టిన రెండూ పాలు కలిపినట్టు మబ్బుగా ఉన్నాయి. ప్లేట్లు రెండూ పచ్చగా ఉన్నాయి.

స్టూలు మీద కూర్చున్నాను. ఆ సీసాలు వార్డు మొహం చూడలేదు. వదిన చెయ్యి వాటిమీద పడలేదు. పడింది నా చెయ్యే.

అప్పుడు ఆ ఐదు రోజులు గుర్తొచ్చాయి. వదిన ఎందుకు సెలవు పెట్టింది? అమ్మ ఆపరేషనుకి. నేనెక్కడున్నాను? అదే గదిలో, అదే మంచానికి ఇవతలి వైపు. ఆ ఐదు రోజులూ పిల్లల సీసాలు చూసింది చాదస్తం. వార్డులో ఆయా దాకా అందరినీ లెక్కపెట్టిన దాన్ని, నన్ను నేను లెక్కపెట్టుకోలేదు.

టైము తొమ్మిదీ పది. సూది ఎప్పటికప్పుడు సీలు విప్పేదే. సీసాలు మంచివేనని ముట్టని రెండూ చెబుతున్నాయి. మిగిలింది దూది జాడీ.

క్రిములు చంపే మందునీళ్ళలో దూది ఉండలు వేసి పెట్టుకునే గాజు జాడీ అది. ఎన్నేళ్ళుగానో నా బల్లమీదే ఉంది. మందు పారబోయడం నాకు ఇష్టం ఉండదు. రోజూ మిగిలిన దానిమీదే కాసిని నీళ్ళు, కాస్త మందు పోసి, కొత్త దూది వేసేదాన్ని. చాదస్తం మాత్రం దాన్ని ముట్టేవాడు కాదు, ప్రతి సీసాకీ స్పిరిట్ ప్యాకెట్టు కొత్తది చింపేవాడు. దుబారా మనిషి అని ఆయన్ని ఎన్నిసార్లు ఎద్దేవా చేశానో.

ఒక దూది ఉండని గాజుపలక మీద పిండి, ఆరబెట్టి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టాను. ఎర్రటి పుల్లల్లాంటి క్రిములు కిక్కిరిసి ఉన్నాయి. క్రిములు చంపే నీళ్ళలో అవి కాపరం పెట్టి పిల్లల్ని కన్నాయి. వాటిని నేనే రోజూ మూతకి పూసి, తడి ఆరకముందే గుచ్చినప్పుడల్లా సూదితో సీసాలోకి దించాను. తెల్లారి పెరిగాయని రిపోర్టు రాశాను, పదిసార్లు.

ఇక్కడ దాచకుండా చెప్పాలి. నేను లేచి, జాడీ పట్టుకుని తొట్టి దగ్గరికి వెళ్ళాను, కుళాయి కూడా తిప్పాను. జాడీ కడిగేస్తే, రెండు సీసాలూ రెండు ప్లేట్లూ పారేస్తే, ఎవరికీ తెలియదు. చాదస్తానికి కూడా నిన్న చేసింది తెలుసు గానీ ఇవాళ తేలింది తెలియదు. రేపటినుంచి స్పిరిట్ వాడతాను. క్రిమి దానంతటదే పోతుంది. వదిన వెళ్ళిపోయాక పోయింది కాబట్టి నా ఊహే నిజమని అందరూ అంటారు, ఇంకెప్పటికీ కాదనే వాళ్ళు ఉండరు.

ఆ చివరి మాట దగ్గరే నా చెయ్యి కుళాయి మీద ఆగింది. ఎంత తేలిగ్గా ఒక అబద్ధం నిజమై కూర్చుంటుందో కళ్ళకి కట్టింది. పైన వార్డులో పదో బిడ్డకి పదింటికి ఇంకో ఇంజెక్షను ఉంది. లేని క్రిమికి. ఖాయమే అన్నది నేనే.

కుళాయి కట్టేశాను. జాడీతోనే వెళ్ళి కాదేమోగారి గది తలుపు తోశాను.

"నా ఊహ పడిపోయింది సార్. చెయ్యి నాదే."

ఆయన మైక్రోస్కోపులో చూశారు. కొత్త డబ్బాలోంచి తీసిన మందునీళ్ళు కూడా పలక మీద వేయించి చూశారు, అందులో ఏమీ లేదు. తొమ్మిదీ నలభైకి పిల్లల డాక్టరుకి ఫోన్ చేశారు. తర్వాత నా వైపు తిరిగి, "కమిటీలో నేను చెప్పనా, మీరు చెబుతారా?" అని అడిగారు.

"నేనే చెబుతాను."

కమిటీ గది బయట బెంచీ మీద వదిన కూర్చుని ఉంది, ఒళ్ళో సంచీ పెట్టుకుని. సంచీ మీద చేతులు. వాటిని చూసి ఆగిపోయాను. వేళ్ళ మధ్య చర్మం పగిలి, కణుపుల దగ్గర నెత్తురు పేరుకుని ఉంది. ఆమె నన్ను చూసి చేతులు కొంగు కిందికి లాక్కుంది.

లోపల అయిదుగురు ఉన్నారు. నేను సీసాలు నాలుగూ బల్లమీద వరసగా పెట్టాను. ఏది ముట్టానో, ఏది ముట్టలేదో చెప్పాను. జాడీ సంగతి, ఐదు రోజుల సెలవు సంగతి చెప్పాను.

"మీరేమంటున్నారో మీకు అర్థమవుతోందా?" అంది సూపరింటెండెంటు. "పదిమంది పిల్లలకి..."

"అవుతోందండీ. మీకు పేరు కావాలన్నారుగా. నా పేరు రాసుకోండి."

"ఈ జాడీ సంగతి మాత్రం నిజమని ఏమిటి నమ్మకం?"

కాదేమోగారు సమాధానం చెప్పారు. "కాదేమో. అదీ చూడాల్సిందే. వార్డులో ఇవాళ రక్తం తియ్యాల్సిన పిల్లలు నలుగురున్నారు. రక్తం ఆ సిస్టరే తియ్యాలి. సీసాలు ఈవిడే చెయ్యాలి. అంతా ఇదివరకటి లాగే ఉండాలి, జాడీ ఒక్కటి తప్ప. అప్పుడూ పెరిగితే జాడీ కాదు. మనుషుల్ని మార్చేస్తే మనకేమీ తెలియదు."

గంటసేపు వాదించుకుని ఒప్పుకున్నారు. నాకు రాతపూర్వకంగా మందలింపు. వదినకి మధ్యాహ్నం నుంచి డ్యూటీ.

బయటికొచ్చి ఆమెకి చెప్పాను. నిలబడే చెప్పాను, పక్కన కూర్చునే ముఖం లేదు. అంతా విని ఆమె అడిగిన మొదటి మాట, "అయితే పిల్లలకి ఏమీ లేదా?"

"లేదు. పదో బిడ్డకి ఇంజెక్షను ఆపేశారు."

ఆమె కళ్ళు మూసుకుంది. తర్వాత చేతులు కొంగు కిందినుంచి తీసి చూసుకుంది. "నాకే నమ్మకం పోయింది. ఏమో, నా చేతుల్లోనే ఉందేమో, నేనే వాళ్ళకి అంటిస్తున్నానేమో అని. ఇంట్లో అత్తయ్యని ముట్టుకోలేదు మూడ్రోజులు."

"వదినా..."

"ఒక్కటి చెప్పు. నా మీద కోపం లేకపోతే ఆ మాట అంత తొందరగా అనేదానివా?"

"అనేదాన్ని కాదు. ముందు పరీక్ష చేసేదాన్ని."

ఆమె తలూపి, సంచీ భుజానికి తగిలించుకుని వార్డు వైపు వెళ్ళిపోయింది. క్షమించానని అనలేదు. అడిగే ధైర్యం నాకూ లేకపోయింది.

ల్యాబుకి వచ్చేసరికి నా బల్లమీద టీ పెట్టి ఉంది. చాదస్తానికీ ఇచ్చారు. ఎడమ పేజీలో నా ముత్యాల అక్షరాల మీద అడ్డంగా గీత కొట్టి, కింద జాడీ అని రాశాను. కుడి పేజీలో: జాడీ లేకుండా మా ఇద్దరి చేతుల మీదుగా వెళ్ళిన సీసా మబ్బుగా మారితే ఇదీ తప్పే. టీ చల్లారిపోయింది, అయినా తాగాను.

గురువారం పొద్దున నాలుగు సీసాలూ ముందు పెట్టుకుని స్పిరిట్ ప్యాకెట్టు చింపబోతుంటే తలుపు దగ్గర అలికిడయింది. వదిన. చేతులకి కట్లు కట్టుకుని, వాటి మీద గ్లవ్స్ వేసుకుని ఉంది.

"చెయ్యి. నేను ఇక్కడే నించుని చూస్తా" అంది.

మొన్న చాదస్తం చూస్తే ఒళ్ళు మండింది. ఇవాళ మండలేదు. ప్రతి మూతా ఆమెకి కనబడేలా తిప్పి తుడిచాను. ఒకచోట "అంచు వదిలేశావు" అంది. మళ్ళీ తుడిచాను.

శుక్రవారం తొమ్మిదికి నేనూ వదినా కాదేమోగారూ ఇంక్యుబేటరు ముందు నిలబడ్డాం. వదినే తలుపు తీసింది. ఏ వాసనా రాలేదు. ఆమె ఒక్కొక్క సీసానే కిటికీ వెలుతురుకి ఎత్తి, అడుగున దిగిన రక్తం పైనున్న ద్రవాన్ని చూసింది. నాలుగూ తేటగా ఉన్నాయి. ప్లేట్ల మీద ఒక్క చుక్క లేదు.

"అంటే జాడీయేనని రుజువైనట్టేనా సార్?" అంది.

"ఇవాళ్టికి పడిపోలేదమ్మా. అంతే" అన్నారు కాదేమోగారు. అని టీ ఇవ్వకుండానే వెళ్ళిపోయారు.

వదిన నవ్వు ఆపుకుంది. సీసాలు జాగ్రత్తగా అరలో పెట్టేసి, తలుపు మూసి, నా వైపు చూడకుండానే అంది:

"సాయంత్రం అత్తయ్య తుంటికి కట్టు మార్చాలి, ఇంకా మానలేదు. ఈ చేతుల్తో నావల్ల కాదు. వచ్చి నువ్వు మార్చు, నేను పక్కన నించుని చూస్తా."